ఆకు మీద అడ్డం పెట్టిన చెయ్యి

కడుపు నిండిందా అని అడిగితే మా గోదావరి జిల్లాల్లో ఎవరూ నిజం చెప్పరు. ఆకలితో కడుపు కాలిపోతున్నా "ఇప్పుడే తిని వచ్చామండి" అంటారు. పీకలదాకా తిని లేవలేకపోతున్నా, వద్దంటే పెట్టేవాళ్లు చిన్నబుచ్చుకుంటారని మరో ముద్ద వేయించుకుంటారు. నేనూ ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఇందులో నాకెప్పుడూ వింత కనిపించలేదు. కానీ నిండిందా లేదా అని మనుషుల్ని అడిగి రాసుకోవడమే నా ఉద్యోగం అయ్యాక, ఈ మర్యాద నన్ను ఎన్ని తిప్పలు పెట్టిందో నాకే తెలుసు.

నేను అడిగేది కడుపు గురించి కాదు లెండి, మూత్రసంచి గురించి.

రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో, మూత్రసంబంధమైన జబ్బులు చూసే విభాగంలో నేను చాలాకాలం స్టాఫ్ నర్సుగా చేశాను. చివరి ఏళ్లలో నాకు ఒక చిన్న గది, ఒక కంప్యూటరు, ఒక పంపు అప్పగించారు. మూత్రసంచిలోకి నెమ్మదిగా ఉప్పునీరు ఎక్కించి, అది ఎంత పడుతుందో, ఎప్పుడు తెలుస్తుందో, ఎలా ఖాళీ అవుతుందో చూసే పరీక్ష అక్కడ చేసేవాళ్లం. పెళ్లిళ్లలో పక్కన కూర్చున్నవాళ్లు "మీరు ఆసుపత్రిలో ఏం చూస్తారండి?" అని అడిగితే మొదట్లో ఉత్సాహంగా చెప్పేదాన్ని. వాళ్లు చేతిలోని గారె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసేవారు. తరవాత తరవాత "రకరకాలుగా చూస్తామండి" అని ఊరుకోవడం నేర్చుకున్నాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి సలహా అడుగుతుంటారు. వాళ్లకి యంత్రం గురించి నాకంటే ఎక్కువ తెలుసు. అందుకని యంత్రం సంగతి వదిలేసి, ఒక మనిషి సంగతి చెబుతాను. అది చెప్పడానికి పరీక్ష గురించి నాలుగు మాటలు మాత్రం చెప్పక తప్పదు.

సన్నటి గొట్టం ఒకటి మూత్రసంచిలోకి వెళుతుంది, ఇంకొకటి వెనకవైపు, మలద్వారంలోకి. మొదటిది సంచిలోని ఒత్తిడి చెబుతుంది, రెండోది పొట్టలోని ఒత్తిడి. దగ్గినా, నవ్వినా, బిగబట్టినా రెండో గీత ఎగురుతుంది. ఇదంతా తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. కనిపించనిది ఒక్కటే, ఆ మనిషికి లోపల ఏమనిపిస్తోందన్నది. అది నోరు తెరిచి వాళ్లే చెప్పాలి. "ఏదో నిండుతున్నట్టుంది" అన్నప్పుడు ఒక బటన్, "వెళితే బాగుండును" అన్నప్పుడు ఇంకోటి, "ఇక ఆగలేను" అన్నప్పుడు మూడోది, "నొప్పి" అన్నప్పుడు నాలుగోది నేను నొక్కాలి. ఎంత ఖరీదైన యంత్రమైనా ఆ నాలుగు మాటల కోసం మనిషి మొహం వైపు చూడాల్సిందే.

మూత్రసంచి మామూలు సంచి కాదు. నిండేకొద్దీ దాని గోడ సాగుతుంది. సాగుతున్న సంగతి అందులోని నరాలు నడుము కిందిభాగంలో వెన్నుకి చెబుతాయి, అక్కడినుంచి మెదడుకి కబురు వెళుతుంది. "ఇప్పుడు కాదు, ఇంకాసేపు ఆగు" అని మెదడు చెబితే సంచి బుద్ధిగా ఆగుతుంది. రోజంతా ఈ మాటలు నడుస్తూనే ఉంటాయి, మనం పట్టించుకోం. ఇవి కాక ఇంకో రకం నరాలుంటాయి. మామూలు రోజుల్లో అవి నిద్రపోతుంటాయి. సంచి మరీ సాగినా, చీము పట్టినా లేస్తాయి. అవి తెచ్చే కబురే నొప్పి. జనం నొప్పిని పగవాడిలా చూస్తారుగానీ, మా గదిలో దానికి చాలా గౌరవం ఉండేది. నిండినట్టు తెలియక, నొప్పి కూడా తెలియకపోతే, ఆ నీరు పైకి ఎగదన్ని మూత్రపిండాలను పాడుచేసేదాకా మనిషికి ఏ హెచ్చరికా ఉండదు.

నేను చెబుతానన్న ఆవిడ మా గదికి వచ్చేసరికి మేం తేల్చాల్సింది, ఆవిడకి ఆ హెచ్చరిక తెలుస్తోందా లేదా అన్నదే.

నలభై దాటిన మనిషి. పాలకొల్లు మార్కెట్టు దగ్గర భార్యాభర్తలు చిన్న మెస్ నడుపుతారు. భర్త గల్లా పెట్టె దగ్గర కూర్చుంటే ఈవిడ వంట చూసుకుని, మధ్యాహ్నం తనే వడ్డిస్తుంది. ఒకరోజు భర్త బండి వెనక పక్కకి తిరిగి కూర్చుని వెళుతుంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఎగిరిపడింది. నడుములో డిస్క్ జారి నరాల మీద కూర్చుంది. వేరే ఊళ్లో ఆపరేషన్ చేశారు. కాళ్లు తిరిగొచ్చాయి, నడుస్తోంది. మూత్రం మాత్రం తనంతట తను రావడం లేదు. గొట్టం తీసిన ప్రతిసారీ పొట్ట ఉబ్బడం, మళ్లీ గొట్టం వేయడం. అలా గొట్టంతోనే మా దగ్గరికి పంపారు. మూత్రం పట్టే ప్లాస్టిక్ సంచిని, పెళ్లిళ్లలో తాంబూలంతో ఇచ్చే జరీ గుడ్డ సంచిలో పెట్టుకుని, కొంగు చాటున పట్టుకుని వచ్చింది. చూసేవాళ్లు ఎవరింటికో పేరంటానికి వెళ్లి వస్తోందనుకుంటారు.

మా డాక్టరుగారు తుని వైపు మనిషి. నెమ్మదస్తుడు, ఏదైనా దాచకుండా చెబుతారు. నరాలు కోలుకుని ఉంటే గొట్టం తీసేయొచ్చని, కోలుకోకపోతే మాత్రం ఇక జీవితాంతం గడియారం చూసుకుని, కొన్ని గంటలకోసారి తనే సన్నటి గొట్టం పెట్టుకుని ఖాళీ చేసుకోవాలని చెప్పారు. "అది నేర్చుకుంటే కష్టం కాదమ్మా, ఎంతోమంది అలా హాయిగా పనులు చేసుకుంటున్నారు" అన్నారు.

"ఆయ్. అలాగేనండి" అంది ఆవిడ. నరాలు బాగుంటే అన్నదానికీ అదే జవాబు, బాగుండకపోతే అన్నదానికీ అదే జవాబు.

అసలు సంగతి బయట వరండాలో భర్త చెప్పాడు. "మెస్ మూసేద్దామంటోందండి. జన్మంతా గొట్టం పెట్టుకునే మనిషి చేత్తో వడ్డిస్తే ఎవరు తింటారని దాని బెంగ. నేనెంత చెప్పినా వినట్లేదు. నాకేమో ఆ గల్లా పెట్టె తప్ప ఇంకేం చేతకాదండి. వడ్డించకపోతే ఆవిడ ఏవైపోద్దోనని నా భయం." ఆ మాట అని కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు.

అలాంటి ఆలోచన తప్పని, చేతులు శుభ్రంగా ఉంటే ఏ ఇబ్బందీ లేదని నేను చెప్పాను. కానీ చెబితే పోయే బెంగ కాదది. పరీక్షలో తేలేదాని మీదే ఆ మెస్ భవిష్యత్తు.

మొదటి రోజు పరీక్ష ఇలా సాగింది. నేను, డాక్టరుగారు, మా ఆయమ్మ ముగ్గురం మంచం చుట్టూ నిలబడ్డాం. పంపు తిరుగుతోంది. కాసేపయ్యాక నేను అడిగాను.

"ఏమైనా తెలుస్తోందా అమ్మా?"

"పర్లేదండి."

ఇంకొంత ఎక్కింది. "ఇబ్బందిగా ఏమైనా ఉందా?"

"అబ్బే, ఏం లేదండి. కానివ్వండి."

మరికొంత ఎక్కింది. "బాత్రూంకి వెళ్లాలనిపిస్తోందా?"

ఆవిడ డాక్టరుగారి వైపు చూసి, కళ్లు దించుకుని, "మీరు కానివ్వండి, నాకేం తొందర లేదండి" అంది. ఏదో బస్సుస్టాండులో మాట్లాడుతున్నట్టు.

అర లీటరు దాటాక డాక్టరుగారే ఆపించారు. అంతకు మించి నింపడం మంచిది కాదు. ఆవిణ్ణి పక్కనే ఉన్న కుర్చీలాంటి కమోడ్ మీద కూర్చోబెట్టి, తెర అడ్డం లాగి, వెళ్లమన్నాం. తెరకి ఇటువైపు మేం ముగ్గురం నిలబడ్డాం. ఒక్క చుక్క రాలేదు. చివరికి గొట్టంతోనే ఖాళీ చేశాం. నిండుతున్న స్పృహ లేదు, సంచి ముడుచుకోవడం లేదు అని కాగితం మీద రాశాం. డాక్టరుగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆవిడకి మెల్లగా చెప్పారు.

"మీ ప్రయత్నం మీరు చేశారు. మీరు మాత్రం ఏం చేస్తారండి" అని ఆవిడే ఆయన్ని ఓదార్చింది. వార్డుకి వెళ్లాక గోడ వైపు తిరిగి పడుకుంది. గొట్టం పెట్టుకోవడం నేర్పించడానికి ఆవిణ్ణి కొన్నాళ్లు వార్డులో ఉంచుకున్నాం. నేర్పించాల్సింది నేనే. అంత బుద్ధిగా, అంత బాధగా నేర్చుకున్న మనిషిని నేను చూడలేదు. ప్రతిసారీ అయ్యాక "మీకు శ్రమ ఇస్తున్నానండి" అనేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఆవిడ మీద కాదు, ఎవరి మీదో తెలియక ఆయమ్మ మీద అరిచేదాన్ని. ఆయమ్మ నాకంటే సీనియరు, తిరిగి అరిచేది.

ఒకరోజు పొద్దున్నే డాక్టరుగారు నన్ను కంప్యూటరు దగ్గరికి పిలిచారు. ఆవిడ పరీక్ష గీతలు తెర మీద పెట్టుకుని కూర్చున్నారు.

"సిస్టర్, ఇది చూడండి. పొట్ట గీత. సగం నిండినప్పటినుంచీ ఇక్కడో గంతు, ఇక్కడో గంతు. చివరికొచ్చేసరికి వరసగా ఎగురుతోంది."

"దగ్గిందేమో సార్."

"దగ్గితే మనకి వినిపించేదిగా. ఆవిడ కాళ్లు దగ్గరికి లాక్కుని బిగబట్టుకుందని నా అనుమానం. ఏమీ తెలియని మనిషి దేన్ని బిగబట్టుకుంటుంది?"

ఆ రోజు నా కళ్లన్నీ తెర మీదే ఉన్నాయి, ఆవిడ కాళ్ల వైపు నేను చూడనే లేదు. ఆయమ్మని పిలిచి అడిగితే, "దుప్పటి కింద బొటనవేళ్లు ముడుచుకుంటంటే చలేమో అనుకున్నానమ్మా, ఏసీ తగ్గించాను కూడా" అంది.

సరే, తిన్నగా ఆవిణ్ణే అడిగితే పోలా అని వార్డుకి వెళ్లాను. "నిజం చెప్పమ్మా, ఆ రోజు నీకు నిండినట్టు తెలిసిందా లేదా?" అన్నాను.

ఆవిడ లేచి కూర్చుని, కొంగు సర్దుకుని, చాలా మర్యాదగా, "మీరు రాసిందే కరెక్టయి ఉంటుందండి. మిషను చూసి రాశారు గదా" అంది.

డాక్టరుగారికి చెబితే ఆయన నవ్వలేదు. "గంతుల్ని నమ్మి గొట్టం మానేద్దామని చెప్పలేను. ఒకవేళ నిజంగా తెలియకపోతే కిడ్నీలు పోతాయి. పరీక్షలో ఆవిడే చెప్పాలి, మనం రాసుకోవాలి. మళ్లీ చేయడానికి నేను సిద్ధమే. కానీ మళ్లీ అదే అడిగితే మళ్లీ అదే చెబుతుంది కదా!" అన్నారు. ఆ మాట నిజం.

దారి చూపించింది గుమ్మడికాయ పులుసు.

అదే రోజు మధ్యాహ్నం ఆవిడ భర్త పాలకొల్లు నుంచి పెద్ద క్యారియరు మోసుకొచ్చాడు. ఆవిడ ఫోన్ చేసి మరీ చెప్పిందట, సిస్టరుగారికి, ఆయమ్మగారికి కూడా సరిపోయేలా తెమ్మని. వద్దంటే వినే మనుషులు కారు. వార్డు చివర చిన్న గదిలో ఆకులు వేశారు. ముద్దపప్పు, ఆవకాయ, పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు. భర్త వడ్డిస్తుంటే ఆవిడ పక్కనే స్టూలు మీద కూర్చుని చూస్తోంది. మా ఆయమ్మ మనిషి సన్నంగానే ఉంటుందిగానీ భోజనప్రియురాలు. రెండో విడత అన్నం వేస్తుంటే "చాలండి చాలండి" అంది. భర్త గరిటె వెనక్కి తీశాడు.

"అదేంటండి, ఆపేశారు?" అని ఆవిడ గట్టిగా అనేసరికి నేను తల ఎత్తి చూశాను. ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. "వెయ్యండి, వెయ్యండి. నోటితో అన్నారుగానీ చెయ్యి అడ్డం పెట్టలేదుగా."

ఆయమ్మ సిగ్గుపడింది, అన్నం మాత్రం వేయించుకుంది.

"నోటితో చాలంటే నమ్మరా?" అని అడిగాను.

ఆవిడ నా వైపు చూసిన చూపు, మొదటి రోజు డ్యూటీకి వచ్చిన పిల్లల వైపు నేను చూసే చూపు లాంటిదే. "నోటితో అనే చాలు లెక్కలోకి రాదండి. అది మర్యాదకి అంటారు. చెయ్యి చూడాలి. వేళ్లు విడివిడిగా పెట్టి ఆకు మీదికి తెచ్చారనుకోండి, నిండుతోందని అర్థం. ఇంకో గరిటె పడుతుంది. అరచెయ్యి మొత్తం పరిచేశారనుకోండి, నిండిపోయింది, ఇక అడగకూడదు. రెండు చేతులూ అడ్డం పెట్టి ఆకు మీదికి వంగిపోయారంటే మాత్రం, ఇక వేస్తే పాపం చుట్టుకుంటదండి."

"చెయ్యి అబద్ధం చెప్పదా?"

"ఎందుకు చెబుద్దండి? దానికి మొహమాటం ఏముంది?"

నేను ముద్ద మింగేసి, చెయ్యి సరిగ్గా కడుక్కున్నానో లేదో కూడా గుర్తులేదు, డాక్టరుగారి గది వైపు నడిచాను. నిండుతోంది, వెళితే బాగుండును, ఇక ఆగలేను. మా బటన్లన్నీ ఆవిడ దగ్గర ముందే ఉన్నాయి. అవి నోట్లో వెతికాం, చేతిలో ఉన్నాయి.

డాక్టరుగారు అంతా విని, కుర్చీ వెనక్కి వాలి నవ్వారు. "మా అత్తగారింట్లో రెండు చేతులూ పెట్టినా వేసేస్తారు సిస్టర్. మీరు మాత్రం ఆపండి" అన్నారు.

ఒకట్రెండు రోజులు ఆగి మళ్లీ గదిలోకి తీసుకొచ్చాం. ఈసారి డాక్టరుగారు లోపలికి రాలేదు. కంప్యూటరు తాలూకు రెండో స్క్రీన్ పక్క గదిలో పెట్టించుకుని అక్కడ కూర్చున్నారు. ఆయమ్మని మూలకి కూర్చోబెట్టి, గోడ వైపు చూడమన్నాను. ఆపరేషన్లలో వాడే పచ్చగుడ్డ ఒకటి తెచ్చి ఆవిడ పొత్తికడుపు మీద పరిచాను.

"ఇది ఆకు" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు.

"నువ్వు భోజనానికి కూర్చున్నావు. నేను వడ్డిస్తున్నాను. నేనేమీ అడగను, నువ్వేమీ చెప్పక్కర్లేదు. నీ ఆకు, నీ చెయ్యి. అంతే."

ఆవిడ గుడ్డ వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ మొహంలో నవ్వు రావడం నేను మొదటిసారి చూశాను. "ఎప్పుడూ వడ్డించడమేగానండి, కూర్చుని చాలా కాలమైంది" అంది.

పంపు మొదలైంది. మాట్లాడకుండా ఉండటం నాకు అలవాటు లేని పని. పళ్లు బిగించుకుని కూర్చున్నాను. చెయ్యి మంచం పక్కనే పడి ఉంది, కదలడం లేదు. నీరు ఎక్కుతోంది. చెయ్యి కదలలేదు. ఒకవేళ డాక్టరుగారు గీతలో చూపించిన గంతులు ఉత్తి గంతులేనేమో, నేను అనవసరంగా ఆవిడకి ఆశ పెట్టానేమో అనుకున్నాను. ఇంతలో చూపుడువేలు కొద్దిగా లేచింది. తరవాత చెయ్యి మొత్తం లేచి, వేళ్లు విడివిడిగా, పచ్చగుడ్డ మీదికి వచ్చింది.

నేను బటన్ నొక్కాను.

ఇంకో గరిటె పడుతుంది అనుకుంటూ పంపు ఆపలేదు. కాసేపటికి వేళ్లు దగ్గరయ్యాయి. అరచెయ్యి గుడ్డ మీద పరుచుకుంది. రెండో బటన్. ఆవిడ కళ్లు మూసుకుంది, నుదుటి మీద చెమట పట్టింది. దుప్పటి కింద బొటనవేళ్లు ముడుచుకోవడం ఈసారి నేను స్వయంగా చూశాను. ఇంకాస్త ఎక్కింది. అంతే, రెండు చేతులూ ఒక్కసారి వచ్చి గుడ్డ మీద పడ్డాయి. తల పైకి లేచింది.

"చాలండి! చాలు బాబోయ్! ఇక ఒక్క చుక్క పట్టదు. నొప్పండీ, నొప్పి!"

పంపు ఆపేశాను. పక్క గదిలో కుర్చీ కింద పడ్డ చప్పుడైంది. మూలన ఆయమ్మ గోడకి దండం పెడుతోంది. ఒక మనిషి నొప్పి అని అరిస్తే ముగ్గురు సంబరపడిన రోజు నా ఉద్యోగంలో అదొక్కటే. మొదటిసారి అర లీటరు దాటేదాకా పెదవి విప్పని మనిషి, ఈసారి దానికి ఎంతో ముందే చేతులెత్తేసింది. అంటే ఆ రోజు ఈ నొప్పినంతా దాటి, "నాకేం తొందర లేదండి" అంటూ పడుకుందన్నమాట.

కానీ పని అక్కడితో అయిపోలేదు. నిండినట్టు తెలియడం సగమే, ఖాళీ అవ్వాలి. కుర్చీ మీద కూర్చోబెట్టి, నీళ్ల చప్పుడుకైనా వస్తుందేమోనని కుళాయి తిప్పి, నేను ఆయమ్మని తీసుకుని పక్క గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాను. ముగ్గురం స్క్రీన్ ముందు నిలబడ్డాం. గీత చదునుగా పోతోంది. ఎంతసేపు చూసినా చదునే. డాక్టరుగారు గోళ్లు కొరుక్కుంటున్నారు.

లోపల్నుంచి గొంతు వినిపించింది. "సిస్టరుగారండీ, అక్కడెవరైనా ఉన్నారాండి?"

"ఎవరూ లేరమ్మా!" అన్నాను నేను గట్టిగా.

"మీరున్నారు గదండి" అంది.

డాక్టరుగారు చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు. ఆయన ముందు, నేను వెనక, నా వెనక ఆయమ్మ, మునివేళ్ల మీద నడుచుకుంటూ వరండాలోకి వచ్చి, ఆ చివర మెట్ల దాకా వెళ్లిపోయాం. ఆవిడ భర్త అక్కడే నిలబడి ఉన్నాడు. మా వాలకం, డాక్టరుగారి చేతిలో చెప్పులు చూసి ఏదో అయిపోయిందని తెల్లబోయాడు. నేను పెదవి మీద వేలు పెట్టాను. నలుగురం మెట్ల దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డాం. ఆసుపత్రిలో అంత పనీపాటా లేనట్టు నిలబడిన డాక్టర్ని చూసి, వెళ్లేవాళ్లంతా దండాలు పెట్టుకుంటూ వెళ్లారు.

కాసేపటికి ఆ చివర తలుపు తెరుచుకుంది. ఆవిడ తల బయటికి పెట్టి మమ్మల్ని వెతుక్కుంది. భర్త కనబడ్డాడు.

"ఏవండీ, వచ్చిందండి!" అని వరండా అంతా వినిపించేలా అరిచింది.

ఆయన మెట్ల మీదే కూర్చుండిపోయాడు. డాక్టరుగారు ఆయన భుజం తట్టి, చెప్పులు వేసుకోవడం కూడా మరచిపోయి, స్క్రీన్ దగ్గరికి పరుగెత్తారు. మేం లేనప్పుడు గీత లేచింది. అందమైన గీతేం కాదది. లేచి, తడబడి, ఆగి, మళ్లీ లేచి, చాలాసేపు సాగింది. లోపల కొంచెం మిగిలిపోయింది కూడా. అయినా చాలావరకు ఖాళీ అయింది. నరాలు ఇంకా కోలుకుంటున్నాయని, కొన్నాళ్లు మిగిలినదెంతో చూసుకుంటూ ఉంటే చాలని డాక్టరుగారు చెప్పారు. పాత కాగితం మీద అడ్డంగా గీత కొట్టి కొత్తది రాశారు.

ఆ సాయంత్రం వార్డులో ఆవిణ్ణి నిలదీశాను. అంత తెలుస్తుంటే మొదటిసారి ఎందుకు చెప్పలేదు?

"మీరంతా నిలబడి అంత కష్టపడి నింపుతున్నారు గదండి. మధ్యలో చాలంటే బాగోదని" అంది. మళ్లీ తనే, "ఎంత ఎక్కువ పడితే అంత మంచిదేమో అనుకున్నానండి" అంది.

నవ్వాలో, నెత్తిన ఒక్కటి ఇవ్వాలో తెలియలేదు. రెండూ చేయకుండా, "మరి కుర్చీ మీద కూర్చోబెట్టినప్పుడేమైంది?" అన్నాను.

"డాక్టరుగారు అవతల నిలబడి ఉండగా నేనెలా వెళతానండి!" అంది, అడిగిన నాదే తప్పన్నట్టు. ఆలోచిస్తే అంతేననిపించింది. మమ్మల్నెవరైనా అలా కూర్చోబెట్టి, తెర అవతల ముగ్గురు నిలబడితే మేం మాత్రం వెళ్లగలమా?

ఆ తరవాత నా పద్ధతి మార్చుకున్నాను. "ఇబ్బందిగా ఉందా?" అన్న ప్రశ్నకి మా జిల్లాల్లో ఒక్కటే జవాబుంటుంది. అందుకని అది అడగడం మానేశాను. వచ్చినవాళ్లని ముందు మీరేం పని చేస్తారని అడిగేదాన్ని, ఆ పనిలో ఆపడానికి ఏ సైగ చేస్తారో కనుక్కునేదాన్ని. కాలవ లాకుల దగ్గర పనిచేసే ఒకాయన, నీళ్లు ఆపమనడానికి చెయ్యి ఎలా ఊపుతాడో చూపించి, పరీక్ష అంతా అలాగే నడిపించాడు. అమ్మాయిలూ, మీ యంత్రాలు ఇంకా మంచివి వస్తాయి. రానివ్వండి. మీరు మాత్రం దుప్పటి కింద బొటనవేళ్ల వైపు కూడా ఓ కన్నేసి ఉంచండి.

రిటైరయ్యాక ఒకసారి బంధువుల ఇంట్లో పెళ్లికి పాలకొల్లు వెళ్లాల్సి వచ్చింది. కార్యం మధ్యలో తప్పించుకుని, ఆటో ఎక్కి, మార్కెట్టు దగ్గర ఆ మెస్ వెతుక్కుంటూ వెళ్లాను. మంచి భోజనాల వేళ. బెంచీలన్నీ నిండి ఉన్నాయి. గల్లా పెట్టె దగ్గర ఆయన నన్ను చూసి లేచి నిలబడి, కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆవిడ చేతిలో పప్పు గిన్నెతోనే వచ్చి, ఎవరినో పక్కకి జరిపి, నాకు చోటు చేసింది. కాస్త ఒళ్లు చేసింది. నడకలో బెదురు లేదు. ఏ సంచీ లేదు.

నేను వేళ్లు విడివిడిగా పెట్టాను, ఇంకో గరిటె వేసింది. పెళ్లిభోజనం ఎలాగూ పోయింది కాబట్టి నేను పెద్దగా పేచీ పెట్టలేదు.

పులుసు బకెట్టు పట్టుకుని వరస వెంట వెళుతోంది. నా ఎదుటి బెంచీ మీద భారీ మనిషి ఒకాయన అన్నం మధ్యలో గుంట చేసుకుని, పులుసు కోసం సిద్ధంగా కూర్చున్నాడు. ఆవిడ గరిటె ముంచి పైకి ఎత్తింది. అంతలో ఆగింది. గరిటెని మళ్లీ బకెట్లో వదిలేసి, బకెట్టు నేల మీద పెట్టింది.

"ఒక్క నిమిషం ఆగండి. బాత్రూంకి వెళ్లొస్తాను" అంది. గుసగుసగా కాదు, అందరికీ వినిపించేలా.

బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ పెరటి వైపు వెళ్లిపోయింది. ఆ భారీ మనిషి తన అన్నం గుంట వైపు, బకెట్టు వైపు చూస్తూ, "పర్లేదండి" అన్నాడు, వినడానికి అక్కడ ఎవరూ లేకపోయినా. నేను తినడం ఆపి కూర్చున్నాను. పెరట్లో తలుపు వేసిన చప్పుడైంది. కాసేపటికి చెంబుతో నీళ్లు పోసిన చప్పుడు వినిపించింది. అప్పుడు మళ్లీ అన్నం కలుపుకున్నాను.